వస్తువును విధియు: ఇంటరాక్టివ్ కళను గూర్చి యొక విచారము

చిత్రము గోడపై నుండును. మనము దానిముందు నిలిచి చూతుము. కావ్యము పుటలయందుండును, మనము తెరచి చదువుదుము. చూచువాడు మెచ్చినను, విసుగుకొన్నను, నడుమ నిద్రపోయినను ఆ చిత్రమున నొక గీత మారదు. ఆ పద్యమున నొక గణము చెదరదు. కాని గడచిన యర్ధశతాబ్దమునందు కంప్యూటరు నాధారముగా జేసికొని వేరొక జాతి కళ పుట్టి పెరిగినది. దానిని ఇంటరాక్టివ్ డిజిటల్ కళ యందురు. ప్రేక్షకుడు చేయి చాచినగాని, అడుగు వేసినగాని, మాటాడినగాని యిందు బొమ్మ కదలదు, కథ సాగదు. చూచువాడు చూచుటతో నూరకుండక కృతిని నడుపువాడగుచున్నాడు.

ఇట్టి కృతిని నిర్మించుటకు రెండు విధములైన వ్రాత కావలెను. మొదటిది కృతియందు కనబడునదియు వినబడునదియు: మాటలు, బొమ్మలు, కథలు, పాటలు. దీనిని మన యాలంకారికుల మాటతో వస్తువు అందము. రెండవది, ఆ వస్తువు ఎప్పుడు, ఏ చర్యకు బదులుగా, ఏ రూపమున వెలువడవలెనో శాసించునది. లోకమున దీనిని కోడు అందురు. శాసించునది గనుక ఈ వ్యాసమున దానిని విధి యనియు వ్యవహరింతును. విధి యనగానే నుదుటివ్రాత యని భ్రమపడరాదు. ఇది మనుష్యుడు కూర్చుండి వ్రాసిన వ్రాతయే. మనుష్యుడు వ్రాసినది గనుకనే దానిని విమర్శింపవచ్చును, దిద్దవచ్చును, మార్చి వ్రాయుమని యడుగవచ్చును.

ఈ కళను గూర్చి మనలో రెండు మతములు ప్రబలియున్నవి. సాహిత్యము నెరిగినవారిలో ననేకులు, వస్తువే ప్రాణమనియు, కోడు వ్రాయుట వడ్రంగి పీట చెక్కుటవంటి పని యనియు తలంతురు. యంత్రము నెరిగినవారిలో ననేకులు, కోడే ప్రతిభయనియు, వస్తువన్నది గుమ్మిలో పోయు ధాన్యమువలె ఏదైన నొకటి తెచ్చి పోయదగినదనియు తలంతురు. మొదటివారికి చేతిపని యనిన చులకన. రెండవవారికి మాట యనిన చులకన. ఈ రెండు మతములును తప్పే యనియు, వస్తువును విధిని విడదీసిన చోట్ల కళ చెడుటయేగాక, మనుష్యుల శ్రమయు మరుగుపడుచున్నదనియు నిరూపించుటకే ఈ వ్యాసము.

శబ్దార్థములు రెండును కలిసియున్నదే కావ్యమని భామహుడు నిర్వచించెను. శబ్దమును పాత్రగాను, అర్థమును అందు పోసిన పాలుగాను ఆయన తలంపలేదు. ఈ నూతన కళయందును విషయమట్టిదే. మాట యెట్లు వచ్చుచున్నదన్నది ఆ మాట యర్థములో భాగము. ఒకే వాక్యము, మీట నొక్కగానే తెరపై బడినచో నొక యర్థమును, పది నిమిషములు మౌనముగా నిలిచినవానికి మాత్రమే కనబడినచో వేరొక యర్థమును ఇచ్చును. ఆ పది నిమిషముల నిరీక్షణను శాసించినది కోడు. కనుక కోడు వ్రాసినవాడు ఆ వాక్యమునకు సగము కర్త.

ఈ భావము తెలుగువారికి క్రొత్తది కానవసరము లేదు. అష్టావధానము మన యింటి కళ. అందు పృచ్ఛకుడు ఊరక వినువాడు కాడు. నిషిద్ధాక్షరియందు అవధాని యొక యక్షరము పలికినంతనే, తరువాతి యక్షరము ఫలానిది కారాదని పృచ్ఛకు డడ్డుచెప్పును. అవధాని ఆ నిషేధమును తప్పించుకొనుచు, ఛందస్సు చెడకుండ, అర్థము కుదురునట్లు ముందుకు సాగవలెను. దత్తపదియందు పృచ్ఛకుడిచ్చిన పదములు పద్యములో నిమిడి తీరవలెను. నియమము ముందే యేర్పడియున్నది. వస్తువు సభలో పుట్టుచున్నది. పృచ్ఛకుని యడ్డు లేనిచో ఆ పద్యము ఆ రూపమున పుట్టియే యుండదు. తిరుపతి వేంకట కవులు ఊరూర నీ విద్యను ప్రదర్శించినపుడు, జనులు పద్యమును మాత్రమే వినుటకు రాలేదు. నియమమును కవియు, కవిని పృచ్ఛకుడును ఎదిరించు పోరును చూడ వచ్చిరి.

అయితే యొక భేదము గలదు. అవధానమున కవి సభలోనే యున్నాడు. పృచ్ఛకుని ముఖము చూచి, మాట విని, తత్క్షణమే బదులు చెప్పగలడు. యంత్రకళయందు కర్త కృతిని నిలిపి వెడలిపోవును. వచ్చువారు బాలలో వృద్ధులో, చదువుకొన్నవారో కానివారో ఆతడెరుగడు. ఆతనికి మారుగా అచ్చట నిలిచియుండునది కోడే. కనుక వచ్చువారి నందరిని ముందుగా తలచుకొని వ్రాయవలసిన బాధ్యత దానికున్నది.

దీనినిబట్టి ఇట్టి కృతులను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలునని నా యభిప్రాయము. వస్తువును విధియు నొకదానికొకటి కావలసియున్నవా? ప్రేక్షకునకు పృచ్ఛకునివంటి నిజమైన భాగము గలదా, లేక మీట నొక్కు సేవకత్వమే దక్కినదా? కృతికై పాటుపడిన వారందరి శ్రమయు నంగీకరింపబడినదా? ప్రసిద్ధములైన మూడు కృతులను ఈ ప్రశ్నల కెదుట నిలిపి చూతము.

మొదటిది జెఫ్రీ షా అను కళాకారుడు 1988 మొదలు 1991 వరకు నిర్మించిన లెజిబుల్ సిటీ. అనగా చదువదగిన నగరము. చీకటి గదిలో నొక పెద్ద తెర. దానియెదుట కదలని సైకిలొకటి. ప్రేక్షకుడు దానినెక్కి తొక్కినచో తెరపై నగరవీధులు ముందుకు సాగివచ్చును. చేతిపిడిని త్రిప్పినచో వీధి మలుపు తిరుగును. కాని ఆ వీధుల కిరువైపుల నుండునవి యిండ్లు కావు, నిలువెత్తు అక్షరములు. తొక్కుచు పోవువాడు వాక్యములను చదువుకొనుచు పోవును. ఈ కృతికి డిర్క్ గ్రూనెవెల్ట్ వచనమును సమకూర్చెను. గిడియోన్ మే కోడు వ్రాసెను. ముగ్గురి పేర్లును కృతితోపాటు చెప్పబడుచునే యున్నవి. ఇది మొదట గమనింపదగిన సుగుణము.

1989లో మన్‌హాటన్ వీధుల నాధారముగా జేసిన రూపమున ఎనిమిది కల్పిత కథనములు గలవు. మాజీ మేయరు, గృహశిల్పి, టాక్సీ నడుపువాడు, మోసగాడు మున్నగువారు తమలో తాము మాటాడుకొన్నట్లు వ్రాయబడిన స్వగతములవి. ఒక్కొక్క కథనమునకు ఒక్కొక్క రంగు. ఒకే రంగును పట్టుకొని పోయినచో నొకని కథ తెలియును. మలుపు తిరిగినచో నొకని మాట మధ్య వేరొకని మాట వచ్చి చేరును. 1990లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకును, 1991లో కార్ల్‌స్రూహె నగరమునకును చేసిన రూపములలో వేరొక నియమము చేర్చిరి. నిజముగా నచ్చటనున్న కట్టడమెంత పెద్దదో, దాని స్థానమున నిలిపిన యక్షరమును అంత పెద్దది. పైగా ఆమ్‌స్టర్‌డామ్ రూపమునకు ఆ నగరపు ప్రాచీన పత్రములనుండి, ఆయా తావుల నెప్పుడో జరిగిన సామాన్య సంఘటనలను గ్రహించి వచనము కూర్చిరి.

నా దృష్టిలో ఈ ఆమ్‌స్టర్‌డామ్ రూపమే యుత్తమము. మన్‌హాటన్ రూపమున వీధులకును, అందలి స్వగతములకును గల సంబంధము దూరపుది. ఆ కథనములను పుస్తకమున నచ్చొత్తినను పెద్దగా నష్టము లేదు. ఆమ్‌స్టర్‌డామున నట్లు కాదు. ఇచ్చట ఇల్లే యక్షరము, ఆ తావున జరిగినదే వాక్యము. వస్తువును విధియు పెనవేసికొన్నవి. ప్రేక్షకుని కాళ్ల బలమే పఠనవేగము. నిలిచిపోయినచో వాక్యమును నిలిచిపోవును. లోపమును చెప్పవలసియున్నది. వేగముగా తొక్కుటయందలి సరదా పఠనమును మ్రింగివేయు నపాయము గలదు. వేగమునకు ఫలితమిచ్చి, నిదానమునకు ఫలితమీయని విధి చదువరిని పందెగానిగా మార్చును.

రెండవది కామిల్ అటర్‌బాక్, రోమీ అచితూవ్ అనువారు 1999లో రచించిన టెక్స్ట్ రెయిన్. అనగా అక్షరముల వాన. ప్రేక్షకుడు పెద్ద తెర యెదుట నిలిచినచో, కెమెరా వానిని గ్రహించి అద్దమునందువలె వాని నలుపుతెలుపుల ప్రతిబింబమును చూపును. ఆ ప్రతిబింబముపై పైనుండి రంగుల యక్షరములు వానవలె రాలుచుండును. అవి చేతిపై, తలపై, గొడుగుపై వచ్చి వ్రాలి నిలుచును; చేయి తీసినచో మరల జారిపోవును. అవి తోచినట్లు చల్లిన యక్షరములు కావు. ఎవన్ జిమ్రోత్ అను కవయిత్రి శరీరమును భాషను గూర్చి వ్రాసిన యొక పద్యపు పంక్తులవి. చేతులు చాచి ఓపికగా నిలిచినచో నొక్కొక్కప్పుడు పూర్తి పదము, అదృష్టమున్నచో పదబంధము చేతిపై కూడుకొనును.

ఈ కృతిలోని ప్రధాననియమమును ఒక్క వాక్యమున చెప్పవచ్చును: ఒక నిర్ణీత పరిమాణముకంటె నల్లగా నున్న దేనిపైనను అక్షరము నిలుచును, దానికంటె తెల్లగా నున్నచో జారును. ఇంత చిన్న నియమమునుండి ఎంత యర్థము పుట్టినదో చూడుడు. శరీరమును గూర్చిన పద్యమును చదువుటకు శరీరమునే పుటగా పరవవలసివచ్చినది. ఒక్కని చేతులు పంక్తికి చాలవు. ఇద్దరు ముగ్గురు చేతులు కలిపినగాని, గుడ్డ నొకదానిని చెరియొక కొన పట్టి చాచినగాని పంక్తి నిలువదు. ఎరుగనివారు ఇరుగుపొరుగువారగుదురు. అక్షరము రాలునపుడు నీ పేరేమి, నీ కులమేమి, నీ చదువెంత యని యడుగదు. పద్యమును విడిగా చదివినచో ఈ సమత్వము రాదు. కోడును విడిగా నడిపి అర్థములేని యక్షరములు కురిపించినచో ఇది పిల్లలయాట యగును. రెండును కలిసినందుననే కళ యైనది.

అయినను, ఏ నియమమును గాలిలో పుట్టదు. ఒక గదిని, ఒక వెలుతురును, ఒక తీరు మనుష్యులను తలచుకొని పుట్టును. ఈ నియమము తెల్లని గోడను, నల్లని రూపములను కోరుచున్నది. తెల్లని పంచె కట్టి, తెల్లని యుత్తరీయము కప్పుకొని మన పెద్దమనిషి యొకడు ఆ గోడముందు నిలిచినచో, ఈ నియమము ననుసరించి యక్షరములు ఆయన వస్త్రములగుండ జారిపోవలసినదే! ఇది నవ్వులమాటవలె నున్నను ఇందు గ్రహింపవలసినది గలదు. ఒకచోట వ్రాసిన విధిని వేరొకచోటికి తెచ్చుకొనునపుడు వస్తువును మాత్రము తెలుగుచేసి, విధిని మార్చకున్నచో, మనవారిలో కొందరు ఆ కళకు కనబడకయే పోదురు.

మూడవ కృతి యందే అసలు చిక్కు గలదు. ఆరన్ కోబ్లిన్ 2006లో రచించిన షీప్ మార్కెట్, గొఱ్ఱెల సంత. ఇందు పదివేల గొఱ్ఱెల బొమ్మలున్నవి. కర్త వానిలో నొకదానినైనను గీయలేదు. అమెజాన్ సంస్థ 2005లో ప్రారంభించిన మెకానికల్ టర్క్ అను పనిసంత గలదు. అచ్చట యంత్రమునకు చేతగాని చిన్నచిన్న పనులను ముఖమెరుగని మనుష్యులు కొద్దిపాటి కూలికి చేసిపెట్టుదురు. ఎడమవైపు చూచుచున్న గొఱ్ఱెను గీయుడని కోబ్లిన్ అచ్చట ప్రకటించి, బొమ్మ కొక్కంటికి 2 సెంట్లు కూలి యిచ్చెను. వారు గీయుచున్న తీరునంతను కోడు నమోదు చేసినది. ప్రేక్షకుడు ఆ మందలో నొక గొఱ్ఱెను తాకినచో, ఏ గీత ముందు పడినదో, ఏ గీత తరువాత పడినదో, ఎవరో యజ్ఞాతవ్యక్తి చేయి కదలిక మరల కన్నులయెదుట సాగును.

ఆ పనిసంతకు పెట్టిన పేరు గమనింపదగినది. 1770లో వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనునాతడు చదరంగమాడు తురుష్కుని బొమ్మ నొకదానిని నిర్మించెను. యంత్రమే తలంచి యాడుచున్నదని జనులచ్చెరువందిరి. నిజమునకు పెట్టెలోపల నొక మనుష్యుడు దాగియుండి యాడుచుండెను. యంత్రముచాటున మనుష్యుని దాచుటయే ఆ పేరులోని యర్థము.

లెక్క చూతము. పదివేల బొమ్మలకు 2 సెంట్ల చొప్పున మొత్తము 200 డాలర్లు. ఒక్కొక్క బొమ్మకు సగటున 105 సెకండ్లు పట్టినదని కోబ్లిన్ తానే ప్రకటించెను. అనగా గంటసేపు గీసినవారికి దక్కినది సుమారు 69 సెంట్లు. ఆ బొమ్మలలో కొన్నింటిని తరువాత ముద్రించి అమ్మకమునకును పెట్టిరి. గీసినవారి పేర్లు మాత్ర మెవరికిని తెలియవు.

ఈ కృతిని నిందించి వదలుట సులభము. మెచ్చి వదలుటయు సులభము. న్యాయముగా రెండు మాటలును చెప్పవలెను. కర్త లెక్కను దాచలేదు. కూలి యింత, కాలమింత యని లోకమునకు తెలిపి, మనమెట్టి సంతలో బ్రతుకుచున్నామో చూడుడని యద్దము పట్టెను. గీతవెంట గీతను మరల నడిపించు విధి, పెట్టెలో దాగిన మనుష్యుని చేతిని మనకు చూపుచున్నది. ఈ యంశమున వస్తువును విధియు చక్కగా కలిసినవి. అయినను అద్దము పట్టువాడు ఆ సంతలోనే బేరమాడినవాడు. అన్యాయమును చూపుట కన్యాయమునే పనిముట్టుగా గొన్న కృతి మన మూడవ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పలేదు. చేయి కదలికను భద్రపరుపగలిగిన కోడు, ఇష్టపడినవారి పేరును భద్రపరుపజాలదా? అమ్మకపు రాబడిలో వంతు లెక్కింపజాలదా? చేయదలచినచో అది మిక్కిలి చిన్న పని. చేయకుండుటయు నొక విధియే. దానిని వ్రాసినది యంత్రము కాదు, మనుష్యుడే.

ఇక మన భాషకు వత్తము. అక్షరముల వానను తెలుగున కురిపింపవలెనని యెవరైన సంకల్పించిరనుకొందము. ఆంగ్లమున కోడు వ్రాయువాడు వాక్యమును ఒక్కొక్క గుర్తుగా త్రుంచి రాల్చును. ఆ భాషకు అది చాలును. మన లిపికి చాలదు. ప్రపంచలిపుల నన్నిటిని యంత్రమునకు తెలుపుటకై యేర్పడిన యూనికోడు ప్రమాణమున 1991 నుండియు తెలుగునకు స్థానము గలదు. అందు స్త్రీ అను నొక్క యక్షరము ఆరు గుర్తులుగా నుండును: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము. ఆంగ్లమునకు వ్రాసిన కోడును మార్చక వాడినచో స్త్రీ యను మాట ఆరు ముక్కలై, పొల్లులు వేరు, గుడి వేరుగా నేల రాలును. మన కంటికి ఏకాక్షరమైనది ఆ విధికి చెల్లాచెదరైన పెంకులు. వస్తువు తెలుగైనంతమాత్రమున కృతి తెలుగు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇది యూహ మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఫోనులు జ్ఞా అను తెలుగు అక్షరము, కంటికి కనబడని యొక గుర్తుతో కూడి వచ్చినపుడు, దానిని తెరపై కూర్పజాలక తబ్బిబ్బైనవి. ఆ యక్షరమున్న సందేశము వచ్చినంతనే ఆ సందేశములను చూపు కోడు కుప్పకూలెను. సంస్థవారు ఆ నెలలోనే సవరణ పంపిరి. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమే ఆ యంత్రమునకు మోయరాని బరువైనదన్నమాట! 2023లో యూనికోడువారు తమ నియమములను సవరించి, తెలుగు మున్నగు కొన్ని భారతీయలిపులలో సంయుక్తాక్షరము నొకే ఖండముగా గ్రహింపవలెనని చేర్చిరి. ముప్పది రెండేండ్లకు లభించిన యీ చిన్న న్యాయము, కోడునందు భాషాజ్ఞానమెంత యవసరమో చెప్పుచున్నది. అక్షరమన నేమి యను ప్రశ్న వ్యాకర్తది; దానికి బదులు వ్రాయుచున్నది కోడరి. వీరిద్దరును ఒకచోట కూర్చుండవలదా?

మనదేశమున వీరు కూర్చుండుట లేదు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు వెలసినది మొదలు, తెలుగుబిడ్డలు వేలకొలది కోడువ్రాతకు పోయిరి. సముద్రములు దాటియు పేరు గడించిరి. అది సంతోషమే. కాని వారిలో నెక్కువమంది వ్రాయునది పరుల వస్తువునకు విధి. మరొకప్రక్క తెలుగున కథలు, పాటలు, పద్యములు వ్రాయువారు విధినెరుగక, తమ కృతిని యంత్రమునకెక్కించుట యనగా అచ్చుపుటను తెరపై అతికించుటయే యనుకొందురు. పాఠశాలలలో తెలుగు పండితుని గది యొక కొన, కంప్యూటరు గది వేరొక కొన. ఇరువురును ఒకే పిల్లలకు బోధించుచున్నారు. ఒకరి గడప నొకరు త్రొక్కరు. పురాతనమైన వర్ణభేదమును వీడితిమని చెప్పుకొనుచు, మాటకును చేతిపనికిని నడుమ క్రొత్త వర్ణభేదమును కట్టుకొనుట యేమి వివేకము?

ఇద్దరును కలిసినచో నేమి చేయవచ్చునో చూపుటకు నొక యుదాహరణమును ఊహింతము. మన పల్లెలలో స్త్రీలు వడ్లు దంచుచు పాడుకొనిన దంపుళ్లపాటలు గలవు. మరలు వచ్చిన పిమ్మట రోలును రోకలియు మూలబడినవి. పాటలు వృద్ధురాండ్ర గొంతుకలయందు మాత్రము మిగిలియున్నవి. ఒక యూరి బాలికలు తమ యవ్వల వద్దకు బోయి ఆ పాటలను నమోదు చేసిరనుకొందము. ఇది వస్తువు. దీనికి విధి యెట్లు వ్రాయవలెను? మీట నొక్కగానే పాట వినబడునట్లు వ్రాయవచ్చును. అట్లు వ్రాసినచో ఆ పాట ఇంపైన జానపదగీతమై, పట్టణపు గదిలో క్షణకాలము మ్రోగి మరుగగును. దానిని పుట్టించిన శ్రమ మాయమగును.

మరియొక విధముగ వ్రాయుదము. ప్రదర్శనశాలలో నిజమైన రోకలి నొకదానిని నిలిపి, దాని కదలికను యంత్రము గ్రహించునట్లు చేయుదము. రోకలి ఎత్తి వేసినగాని పాట సాగదు. లయ తప్పినచో పాట తడబడును. చేయి నొచ్చి ఆగినచో చరణము మధ్యనే యాగును. వేరొకరు వచ్చి పోటు అందుకొన్నచో మరల నెత్తుకొనును. అయిదు నిమిషములు దంచిన పురుషునకు, ఆ పాట యెందుకు పుట్టినదో, తన తల్లి దేనిని మరచుటకై దానిని పాడుకొన్నదో, ఉపన్యాసములు వినకయే తెలియును. పాట యొక్కటే, విధి మారినది, అర్థము తలక్రిందులైనది. ఆ విధిని వ్రాయుటకు లయ తెలియవలెను, పోటునకును పోటునకును నడుమ ఊపిరి తీయు కాలము తెలియవలెను. దానిని చెప్పగలిగినది ఆ యవ్వయే. కనుక ఈ కృతికి ఆమె వస్తుదాత మాత్రమే కాదు, విధికర్తలలో నొకతె. చరణము ముగియగానే పాడినయామె పేరు తెరపై నిలువవలెను; ప్రదర్శనకు రుసుము గొన్నచో నందు నామెకు వంతుండవలెను. ఆమె వలదన్న పాట వినబడరాదు. ఈ మూడు నియమములును కోడులోనే వ్రాయదగినవి.

ఇచట నొక ఆక్షేపణ రావచ్చును: కవులందరు కోడు నేర్వవలెనా? కోడరులందరు ఛందస్సు నేర్వవలెనా? అక్కరలేదు. షా కృతిలో వచనము వ్రాసినవాడు వేరు, కోడు వ్రాసినవాడు వేరు, కృతి చెడలేదు. కావలసినది ఇరువురును మొదటినాటినుండి కలసి యాలోచించుట; ఒకరి వ్రాతను వేరొకరు ప్రశ్నింపగలుగుట. అటుపై నేర్వదలచినవారికి త్రోవయు మూసియుండలేదు. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై అనువారు కళాకారులకొరకే ప్రాసెసింగ్ అను కోడుసాధనమును ప్రారంభించి, వెల లేకుండ లోకమునకిచ్చిరి. గొఱ్ఱెల సంతయు దానితో కట్టినదే. వ్యాకరణసూత్రమును నేర్చిన బుద్ధికి కోడు పరాయిది కాదు. తక్కువ మాటలలో నెక్కువ నర్థమును నియమించుట, సామాన్యవిధిని చెప్పి పిదప అపవాదమును చెప్పుట, ముందు సూత్రమునకును వెనుక సూత్రమునకును తగవు వచ్చినచో నేది గెలుచునో నిర్ణయించుట, ఇవి పాణినీయము చదివినవారి కలవాటైన పనులే.

మరియొక ఆక్షేపణ ఇంకను బలమైనది. యంత్రము పాతబడగానే ఈ కళ నశించును గదా, దీనికై పాటుపడనేల? నశించుట నిజమే. అడోబి సంస్థ తన ఫ్లాష్ అను సాధనమును 2020 డిసెంబరు 31తో విరమించినపుడు, దానిపై నిర్మింపబడిన కృతు లెన్నియో తెరచుటకు వీలులేనివైనవి. కాని తాటాకులును చివికిపోయినవి. మరల వ్రాసికొనినందున గ్రంథములు నిలిచినవి. కోడు నశించినను విధి నశింపనక్కరలేదు. అక్షరముల వాన నియమమును ఒక్క వాక్యమున చెప్పగలిగినాము. ఆ వాక్యము పదిలముగ నుండునంతకాలము ఏ క్రొత్త యంత్రముపైననైనను ఆ వానను మరల కురిపింపవచ్చును. కనుక కృతికర్తలు తమ విధిని, సామాన్యులకు తెలియు భాషలో, మన విషయమున తెలుగులో, వ్రాసి యుంచవలెను. అట్లు వ్రాయలేని విధిని కర్తకే పూర్తిగా తెలియలేదని యెంచవలెను.

గృహములయందు ఈ పత్రికను చదువు సోదరీసోదరులకు చివరిమాట. మీ పిల్లలు తెరపై కదలు బొమ్మను చూచి మురియునపుడు, ఇది యెంత బాగున్నదని మాత్రమే యడుగకుడు. ఇది యిట్లే కదలవలెనని నియమించినదెవరు, ఇందలి మాట యెవరిది, గీత యెవరిది, వారి పేరెక్కడనున్నదని యడుగ నేర్పుడు. కథ వ్రాయు కుమార్తెను కోడు నీకేల యని యాపకుడు; కోడు వ్రాయు కుమారుని పద్యము నీకేల యని యాపకుడు. మన బ్రదుకులను ఏలు విధులెన్నియో యిప్పుడు కోడుగా వ్రాయబడుచున్నవి. వానిని వ్రాయు చేతులకు మన భాషయు, మన యవ్వల శ్రమయు తెలిసియుండుట మన కందరకును క్షేమము.